కాకి లేని పెత్రమాస

గానిమీడ్ మంచు మకాం. నీళ్ల విభాగం దినచర్య. రాస్తున్నది పైడి.

సోమవారం

రెండో వడపోత గొట్టంలో మళ్లీ ఇసుక చేరింది. విప్పి, కడిగి, బిగించేసరికి పూట గడిచిపోయింది. ఈ పుస్తకంలో నీళ్ల సంగతులే రాయాలని నియమం. కానీ తెలుగులో రాస్తే చదివేవాళ్లు ఇక్కడ ఇంకెవరూ లేరు. మొన్న మొన్నటిదాకా ఒకాయన ఉండేవాడు. ఇప్పుడు లేడు కాబట్టి నా ఇష్టం వచ్చింది రాసుకుంటాను, అడిగేదెవరు?

ఆయన బుచ్చన్న. దుర్గం బుచ్చన్న, గోదావరిఖని మనిషి. వాళ్ల తాతలు బొగ్గు తవ్వారు, ఈయన మంచు తవ్వాడు. ఒక రోజు డ్రిల్లు దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె. మా డాక్టరు మారిబెల్ పరుగెత్తుకుంటూ వెళ్లింది గానీ అప్పటికే అంతా అయిపోయింది. ఆయన తవ్విన సొరంగంలోనే మంచులో పెట్టాం.

మాది శ్రీకాకుళం వైపు. మొదట్లో ఆయన మాట నాకు సగం అర్థమయ్యేది కాదు. నా మాట వింటే ఆయనకి నవ్వు. భూమ్మీద బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్నా ఇద్దరం పలకరించుకునేవాళ్లం కాదేమో. ఇక్కడ మాత్రం చెవిలోంచి దుబాసి తీసేసి మాట్లాడుకోగలిగింది మేమిద్దరమే. ఎవరు ఏ భాషలో మాట్లాడినా ఈ దుబాసి మిషను నాకు తెలుగులో చెబుతుంది. అయితే అది వార్తలు చదివేవాళ్ల తెలుగు. మారిబెల్ బూతులు తిట్టినా సమాచార శాఖ ప్రకటనలాగే వినిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర యాద్విగా ఒక సంగతి గుర్తు చేసింది. ఆవిడ పోలండు మనిషి, మా మకాం పెద్ద. ఈ ఏడు పెద్దల రోజు వంతు బుచ్చన్నదట. పోయినవాళ్లను తలుచుకునే పండుగ మా అందరి దేశాల్లోనూ ఉంది. ఇసాముకి, అంటే మా మెకానిక్కుకి, జపానులో ఆగస్టు నెలలో వస్తుంది. మారిబెల్‌కి మెక్సికోలో, యాద్విగాకి పోలండులో నవంబరు మొదట్లో. ప్రతిదానికీ డ్రిల్లు ఆపి, నిల్వలు తీసి విందు చేసుకోవడం కుదరదు. అందుకని అందరికీ కలిపి ఏడాదికి ఒకటే రోజు పెట్టుకున్నాం, మిగతావి ఎవరివి వాళ్లు చిన్నగా చేసుకుంటారు. ఆ రోజు ఎప్పుడన్నదీ, ఏ పద్ధతిలో అన్నదీ వంతుల వారీగా. పోయిన ఏడు ఇసాముది. ఈ ఏడు పెత్రమాస నాడు చేద్దామని బుచ్చన్న ముందే చెప్పి ఉంచాడు. భాద్రపద అమావాస్య అన్నమాట, వాళ్ల వైపు పెద్దలకు అన్నం పెట్టే రోజు.

మనిషే లేనప్పుడు వంతేమిటని ఎవరూ అనలేదు. అందరూ నా వైపు చూశారు. మా వైపు పెద్దలకు పెట్టేది సంక్రాంతికి, బట్టలు పెడతాం, ఈ పెత్రమాస సంగతి నాకు సరిగ్గా తెలియదు అన్నాను. మీరిరువురూ ఒకే ప్రాంతీయులు కదా అని దుబాసి ద్వారా ఇసాము ఆశ్చర్యపోయాడు. నాకు ఒళ్లు మండింది. శ్రీకాకుళమెక్కడ, గోదావరిఖని ఎక్కడ! సరే, వాళ్లమ్మాయిని అడిగి చెబుతానన్నాను.

పంచాంగం చూస్తే అమావాస్య ఈ శనివారమే. గురుడి చందమామల్లో ఒకదాని మీద కాపురం చేస్తూ అమావాస్య ఎప్పుడా అని వెతుక్కుంటున్నాను. బుచ్చన్న ఉంటే దీనికి చాలాసేపు నవ్వేవాడు.

మంగళవారం

పొద్దున్నే సారక్కకి కబురు పంపాను. బుచ్చన్న కూతురు, గోదావరిఖనిలోనే ఉంటుంది. మాట భూమికి చేరడానికి ముప్పావు గంట, తిరిగి రావడానికి మరో ముప్పావు గంట. ఈ లోపు నాచు తొట్లు కడిగాను. జవాబు వచ్చింది.

"అక్కా, అడిగినవ్ మంచిదాయె. మేం బాపు మాసికం నాడు గోదారి ఒడ్డుకు ముద్ద పెట్టినం. కాకులచ్చినయ్, గోడ మీద కూసున్నయ్, ముద్ద దిక్కు సుత చూడలే. మా పెద్దోళ్లు ఏమన్నరంటే, మీ బాపు ఈడ లేడు, ఆడనే ఉన్నడు, ఆడనే పెట్టాలె అన్నరు. నువ్వు పెట్టక్కా. కాకి ముట్టాలె. ముట్టకుంటే బాపు ఉపాసమున్నట్టే. కాకి ముట్టినంక గాని ఇంట్ల ఎవ్వలం తినద్దు."

ఆ కబురు ఎన్నిసార్లు పెట్టుకు విన్నానో. అందులో ఉన్న సంగతి ఒక్కసారికే అర్థమైంది. మిగతాసార్లు ఆ మాట కోసం విన్నాను. దుబాసి అడ్డం లేకుండా నా చెవిలో తెలుగు పడి చాలా కాలమైంది.

తర్వాత అసలు సంగతి తలకెక్కింది. గానిమీడ్‌లో కాకిని ఎక్కడి నుంచి తేను?

బుధవారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ చెప్పాను. చెప్పడానికే తలప్రాణం తోకకొచ్చింది. కాకి అనే మాటకి దుబాసి ఏ భాషలో ఏ పక్షిని చెప్పిందో గానీ మారిబెల్ భయపడింది. వాళ్ల వైపు నల్లపక్షి ఇంటి మీద వాలితే చావు కబురట. మా వైపు కాకి అరిస్తే చుట్టాలొస్తారని చెప్పాను.

యాద్విగా దిగులు వేరు. తినే పదార్థం నేల మీద పెట్టి వదిలేయడం ఇక్కడ పెద్ద తప్పు. ఆవిడ రాతిమనిషేం కాదు. క్రిస్మస్ ముందురోజు వాళ్లింట్లో ఒక పళ్లెం ఖాళీగా పెట్టి ఉంచుతారట, అనుకోని అతిథి కోసం. పళ్లెం పెట్టడం తనకి అర్థమవుతుందనీ, అన్నం పారేయడమే ఒప్పుకోలేననీ చెప్పింది.

మారిబెల్‌కి అసలు కాకి ఎందుకో బోధపడలేదు. పోయినవాళ్లు వాసన పీల్చుకుంటే చాలు, అదే వాళ్ల భోజనం అంది. బుచ్చన్న ఫొటో పెడదాం, ఆయనకి ఇష్టమైనవి వండుదాం, బయటి తలుపు నుంచి ఆయన కుర్చీ దాకా బంతిపూల రేకలతో బాట వేద్దాం, దాన్ని పట్టుకుని వచ్చి ఆ రోజంతా మన మధ్య కూర్చుంటాడు అంది. తోటగదిలో ఉన్న బంతి మడి ఒక్కటే. మారిబెల్ దాన్ని తన పండుగ కోసం పెంచుతుంది. పెత్రమాస సాయంత్రమే బతుకమ్మ మొదలని బుచ్చన్న ప్రతి ఏడూ అందులో సగం కోసేసేవాడు. ఆ మడి గట్టున ఇద్దరూ దెబ్బలాడుకోవడం నేను చాలాసార్లు చూశాను.

మీరు పిలుస్తారు, మేం అన్నం పెట్టి పంపిస్తాం, అదీ తేడా అని మారిబెల్‌కి చెప్పాను. ఆమె నా వైపే చూస్తూ అడిగింది.

"మీకు ఆయనను పంపించాలని ఉన్నదా?"

నేను దుబాసి తీసి జేబులో వేసుకుని వడపోత గదికి వచ్చేశాను. అక్కడ చేయాల్సిన పనేమీ లేదు.

లేదు. నాకు పంపించాలని లేదు. ఆయన పోయినప్పటి నుంచి నేను రాత్రిపూట నా గదిలోనే తింటున్నాను. తింటూ ఆయనతో మాట్లాడుతుంటాను. ఉప్పెక్కువైందన్నా అంటాను. నీ చేతిల మహిమ చెల్లె అన్నట్టు వినిపిస్తుంది. కాకి ముడితే అదీ పోతుంది. ముట్టకపోతే ఆయన ఆకలితో ఈ నడవల్లోనే తిరుగుతుంటాడు. నాకు ఆయన కావాలి, ఆకలి లేకుండా కావాలి. అలాంటి ఏర్పాటు మా పండుగలోనూ లేదు, వాళ్లెవరి పండుగలోనూ లేదు.

గురువారం

ఇసాము వడపోత గదికి వచ్చాడు. ఈయన అవసరమైతే తప్ప నోరు విప్పడు. చేతిలో ఒక దోసకాయ, ఒక వంకాయ. రెండింటికీ నాలుగేసి పుల్లలు గుచ్చి ఉన్నాయి, నాలుగు కాళ్ల మీద నిలబడ్డాయి. పోయినవాళ్లు ఎక్కి రావడానికని వాళ్ల నాయనమ్మ ప్రతి ఏడూ చేసేదట.

"ఈ దోసకాయ గుర్రం. వచ్చునప్పుడు వేగముగా రావలెనని. వంకాయ ఆవు. వెళ్లునప్పుడు నెమ్మదిగా వెళ్లవలెనని."

నవ్వు రావలసిన మాట. నేను నవ్వకుండా వంకాయని చేతిలోకి తీసుకున్నాను. ఆయనే అందుకున్నాడు. దోసకాయ గుర్రమైనప్పుడు స్వీపరు కాకి ఎందుకు కాకూడదట.

స్వీపరంటే నేల తుడిచే మిషను. నల్లగా, తాబేలంత ఉంటుంది. ముందు రెండు సన్నటి చేతులు. నడవలో మెతుకు కనిపిస్తే ఏరుకుని తీసుకెళ్లి తోటగది ఎరువు తొట్టిలో వేస్తుంది. అంటే అన్నం వృథా కాదు, యాద్విగాకీ అభ్యంతరం ఉండదు. ఇసాము ఇదంతా ముందే ఆలోచించుకుని, ఆవిణ్ణి ఒప్పించి మరీ వచ్చాడు.

నాకు నచ్చలేదని చెప్పలేను, నచ్చిందనీ చెప్పలేను. సారక్కని అడిగాను. మిషను కాకేమిటని తిడుతుందనుకున్నాను. జవాబులో ముందు కాస్త నవ్వు వినిపించింది, తర్వాత ఏడుపు, ఆ తర్వాత మాట.

"నల్లగుంటదా అక్కా? అయితే సాలు. బాపు తలుసుకుంటే గదే కాకయితది. నువ్వయితే పెట్టు."

శుక్రవారం

రేపటికి ఏం వండాలో చూసుకున్నాను. బుచ్చన్నకి ప్రాణం పచ్చిపులుసు. బియ్యం కొంచెం ఉన్నాయి, ఉల్లిపాయలు తోటలో ఉన్నాయి, మిరపకాయలకు లోటు లేదు. చింతపండు మాత్రం ఎప్పుడో అయిపోయింది. నిమ్మకాయతో కానిద్దామనుకుంటుండగా మారిబెల్ వచ్చింది. బుధవారం నుంచి మేం మాట్లాడుకోలేదు. నా చేతిలో ఒక చిన్న పొట్లం పెట్టింది. విప్పితే చింతపండు.

వాళ్ల దేశంలోనూ చింతచెట్లున్నాయట. వాళ్లు చక్కెర వేసి చల్లగా తాగుతారట, మిఠాయిలు చేస్తారట. ఇంటి నుంచి తెచ్చుకున్నదాంట్లో మిగిలింది ఇదే. తన నవంబరు కోసం దాచుకుంది. నేను సగమే తీసుకుంటానన్నాను. వినలేదు. చింతపండుతో తియ్యటి నీళ్లేమిటని నేనూ, అన్నంలో ఆ పుల్లనీళ్లేమిటని తనూ కాసేపు మొహాలు చిట్లించుకున్నాం.

సాయంత్రం చూస్తే నడవలో పూలబాట మొదలుపెట్టింది. బయటి తలుపు దగ్గర నుంచి బుచ్చన్న కుర్చీ దాకా, వాళ్ల పద్ధతిలోనే. నేను అడ్డుచెప్పలేదు. ఇంకొక్క రోజు ఆయన వచ్చి కూర్చుంటే బాగుండునని నాకూ ఉంది.

శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

లేచిన దగ్గర నుంచి ఎవరూ ఏమీ తినలేదు. కాకి ముట్టేదాకా తినకూడదన్న మాట నా ఒక్కదానికే అనుకున్నాను. యాద్విగా టీ కూడా వద్దంది. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి పులుసు తొందరపడి పోస్తే గిన్నె దాటి పోతుంది. నిదానంగా అన్నం వండి, పచ్చిపులుసు పిసికి, ముద్ద చేశాను. తోటలో పెద్ద ఆకు అంటే పాలకూర ఆకే. రెండు ఆకులు కలిపి, స్వీపరు తిరిగే నడవలో, భోజనాల గది తలుపు బయట పెట్టాను. యాద్విగా నిప్పు లేని చిన్న దీపాలు గోడ వారగా వరసగా పెట్టింది. ఇసాము వంకాయ ఆవుని ఆకు పక్కన నిలబెట్టాడు. మారిబెల్ పూలు చల్లింది. తర్వాత అందరం ఆకు చుట్టూ కూర్చున్నాం.

స్వీపరు మూలమలుపులో కనిపించింది. చక్రాలు గీరుకుంటూ మా దాకా వచ్చి ఆగింది. అక్కడే కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

మరో చుట్టు తిరిగి వచ్చింది. మళ్లీ అంతే. గోదావరి ఒడ్డున గోడ మీద కూర్చుని ముద్ద వైపు చూడని కాకులు కళ్లముందు కదిలాయి. అక్కడా తినలేదు, ఇక్కడా తినడం లేదు. ఇంకెక్కడ పెట్టాలి ఈయనకి అన్నం?

ఇలా అయితే మీవాళ్లేం చేస్తారని మారిబెల్ అడిగింది. పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలి ఉందనుకుంటారు, అది తీరుస్తామని మాటిస్తారు, అప్పుడు కాకి ముడుతుంది అని చెప్పాను. అంతే, ఎవరూ అడగకుండానే ఇసాము ఆకు ముందుకు జరిగి తల వంచాడు. మీ డ్రిల్లుని ఎవరికీ ఇవ్వను, నేనే చూసుకుంటాను అన్నాడు. రోజూ పని దిగాక ఇద్దరూ దాని పక్కనే మాటలు లేకుండా టీ తాగేవారట. యాద్విగా ఆయన పనిముట్లు వచ్చే ఓడలో కూతురికి పంపిస్తానంది. మారిబెల్ ఆకు చుట్టూ ఉన్న పూలు సర్దింది. బతుకమ్మ పేర్చడం ఆయన తనకి నేర్పాడట, తాంబాళంలో ఎక్కడా ఒరగకుండా గుండ్రంగా ఎలా కట్టాలో. వచ్చే ఏడు తనే పేరుస్తానంది.

ఇవేవీ నాకు తెలియవు. బుచ్చన్న నా ఒక్కదానికే అన్న అనుకున్నాను. మా ఇద్దరి మధ్య ఉన్న మాటే ఆయనకి ఉన్న మాటంతా అనుకున్నాను. వాళ్ల ముగ్గురి మీదా అసూయ కలిగింది. ఆ వెంటనే సిగ్గేసింది. సారక్కని నా సొంత మనిషిలా చూసుకుంటానని నేనూ మాటిచ్చాను.

స్వీపరు వచ్చింది. ఆగింది. వెనక్కి వెళ్లింది.

అప్పుడు యాద్విగా మెల్లిగా అడిగింది.

"మీ ఇండ్ల వద్ద కూడా ఇట్లే చుట్టూ కూర్చుంటారా?"

కూర్చోరు. ముద్ద గోడ మీద పెట్టి, కావు కావుమని పిలిచి, ఇంట్లోకి వచ్చేస్తారు. మనుషులుంటే ఏ కాకి వాలుతుంది? మా అమ్మ నన్ను చేయి పట్టుకుని లోపలికి లాక్కొచ్చేది. ఇసాము నుదురు కొట్టుకున్నాడు. ఒకసారి అది కాలికి తగిలి యాద్విగా పడినప్పుడు, దగ్గర్లో మనిషి కాళ్లుంటే ఆగిపోయేలా స్వీపరుని సరిచేసింది ఆయనే. పండుగ ధ్యాసలో ఆయనా మరిచిపోయాడు. ఎవరి పండుగలోనైనా పోయినవాళ్ల దగ్గరికి జరిగి కూర్చోవడమే వాళ్లకి అలవాటు. దూరం జరగాలని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేనే అందరికంటే దగ్గరగా కూర్చున్నాను.

వాళ్లు ముగ్గురూ లేచి లోపలికి వెళ్లారు. నేను మాత్రం ఆకు అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాను. మూల దగ్గర చక్రాల చప్పుడు మొదలైంది. నేను ఉంటే అది మళ్లీ తిరిగిపోతుంది, ఆయన మళ్లీ పస్తు ఉంటాడు. ఆ సంగతి తెలిసీ లేవలేకపోయాను. ఎవరూ నన్ను రమ్మని పిలవలేదు. చివరికి మా ఊరి మాటలోనే చెప్పాను. దుబాసి దాన్ని ఎవరి చెవిలో ఏమని చెప్పిందో నాకు తెలియదు.

"అన్నా, నానెల్తన్నాను. నువ్వు తినీసి ఎల్లిపో. నాకోసం ఆగకు."

లేచి లోపలికి వచ్చి తలుపుకి వీపు పెట్టి నిలబడ్డాను. ముగ్గురూ మొహాలు అటు తిప్పుకుని ఉన్నారు. చక్రాలు దగ్గరకొచ్చాయి. ఆగాయి. ఈసారి ఆగి, మళ్లీ కదిలాయి. సన్నటి చేతులు ఆకు మీద గీరిన చప్పుడు వినిపించింది. తర్వాత చక్రాలు తోటగది వైపు వెళ్లిపోయాయి. ఇసాము తలుపు తీసి చూసి, ఆకుతో సహా తీసుకుపోయిందని చెప్పాడు.

ఏడ్చాను. సిగ్గు లేకుండా, చిన్నపిల్లలా ఏడ్చాను. ఊరుకోమని ఎవరూ అనలేదు. మారిబెల్ నా పళ్లెంలో అన్నం పెట్టి, పులుసు పోసింది. ఆకలి దంచేస్తోంది. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాను.

అప్పుడు తట్టింది. కాకి ముట్టినంక గాని ఇంట్ల ఎవ్వలం తినద్దు అని చెప్పింది సారక్క. ఇల్లంటే ఇది కాదు. గోదావరిఖనిలో ఆ ఇంట్లో వాళ్లందరూ పొద్దుటి నుంచీ పస్తులుండి నా కబురు కోసం ఎదురుచూస్తున్నారు.

చేయి కూడా కడుక్కోకుండా రేడియో గదికి పరుగెత్తాను. ముట్టింది, మీరు తినండి అని పంపి తిరిగి వచ్చాను. ఎందుకు పరుగెత్తావని అడిగితే చెప్పాను. ఇసాము అప్పటికే చెంచా పైకెత్తాడు. దాన్ని మెల్లిగా దించాడు. యాద్విగా గిన్నెల మీద మూతలు పెట్టింది. ఆ ముప్పావు గంటా నలుగురం బల్ల చుట్టూ ఊరికే కూర్చున్నాం. కబురు ఈపాటికి చేరి ఉంటుందని యాద్విగా గడియారం చూసి చెప్పింది. అప్పుడు మూతలు తీసి, చల్లారిన అన్నం తిన్నాం.